వెనక సీట్లో ఇంజనీరుగారు

పుట్టింట్లో అందరికంటే చిన్నది కావడంతో ఆమెకు చిన్నమ్మి అన్న పిలుపు స్థిరపడిపోయింది. యాభై రెండేళ్ళు వచ్చినా, జుట్టు సగం నెరిసినా పెద్దన్నయ్యకు ఆమె ఇంకా చిన్నమ్మే. ఆ అన్నయ్య మంగళవారం పొద్దున్నే ఫోను చేసి, మీ వదిన కారెక్కనని మొరాయిస్తోంది, నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పు అన్నాడు.

వదినకు వెన్నెముక ఆపరేషన్ అయి ఆరు వారాలైంది. ఇకనుంచి వారానికి మూడుసార్లు ఏటి అవతల ఉన్న వ్యాయామ కేంద్రానికి వెళ్ళి, అక్కడి యంత్రాల మీద నడుముకు సాధన చేయించాలి. ఈ రెండు నెలల్లో నిటారుగా నిలబడటం అలవాటు కాకపోతే ఇక జన్మంతా వంగే నడవాలని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. యంత్రాలు ఇంటికి రావు. అద్దె కార్లు చూశారు కానీ వాటి సీట్లు మరీ కిందికి ఉండి, కూర్చోవాలంటే నడుము వంచాల్సి వస్తోంది. సొంత కారు సీటు ఎత్తు సరిపోయింది. దిండ్లు పెట్టుకుని వెనక సీట్లో కాస్త వాలి కూర్చోమన్నారు. అంతా కుదిరింది, ఒక్క ప్రయాణం తప్ప. రెండుసార్లు వెళ్ళొచ్చిన వదిన మూడోసారి గుమ్మం దాటనంది.

చిన్నమ్మి వెళ్ళి నాలుగు మాటలేమీ చెప్పలేదు. నేను పక్కన కూర్చుంటా పద వదినా అంది, అంతే. వదిన నోరు మహా పదును. నువ్వు పక్కన కూర్చుంటే నా నొప్పిలో సగం నీకు బదిలీ అవుతుందా ఏమిటే అని అడుగుతూనే చెప్పులు వేసుకుంది.

అన్నయ్య రోడ్లు, వంతెనల శాఖలో ఇంజనీరుగా చేసి మూడేళ్ళ క్రితం రిటైరయ్యాడు. చుట్టాలూ పక్కాలూ అందరూ ఆయన్ను ఇంజనీరుగారనే అంటారు. వదిన కూడా కోపమొచ్చినప్పుడు అలాగే అంటుంది. ఏటి మీది వంతెన ఆయన హయాంలో కట్టిందే. రిటైరైన రోజున కింది ఉద్యోగులంతా కలిసి ఆయన కారుకు నాలుగు పెద్ద పెద్ద చక్రాలు బహూకరించారు. వెండిలా మెరిసే ఆకులు, వాటి చుట్టూ నల్లటి పట్టీ వేసినట్టు పలచటి టైర్లు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆయన కళ్ళజోడు పెట్టుకుని, టైరు మీద అచ్చు వేసిన అంకె చదివి, గాలి కొట్టే మనిషి పక్కన నిలబడి సరిగ్గా యాభై కొట్టిస్తాడు. ఆ మనిషి తగ్గిద్దామా సార్ అంటే ఒప్పుకోడు. తయారుచేసినవాడు అచ్చు వేసిన అంకెను నమ్మకపోతే ఇంకేం నమ్మాలి అంటాడు.

దారిలో గుంట కనిపించిన ప్రతిచోటా ఆయన పసిపిల్లను మోస్తున్నంత మెల్లగా నడిపాడు. అందులో వంక పెట్టడానికి లేదు. వదిన కూడా ఆ గుంటల దగ్గర ఏమీ అనలేదు. వంతెన ఎక్కాక ఆమె చెయ్యి వచ్చి చిన్నమ్మి చేతిని పట్టుకుంది. టక్కుమని చిన్న చప్పుడు, చెయ్యి బిగుసుకుంది. కాసేపటికి మళ్ళీ టక్కు, మళ్ళీ బిగింపు. చిన్నమ్మి ఏదైనా లెక్కపెట్టకుండా ఉండలేని మనిషి. మెట్లు ఎక్కినా, ఆరేసిన బట్టలు తీసినా లోపల అంకెలు నడుస్తూనే ఉంటాయి. వంతెన దిగేసరికి వదిన చెయ్యి పన్నెండుసార్లు బిగిసింది. పెదాల్లో రంగు లేదు.

తిరిగి వచ్చాక వదిన మంచం మీద ఒక పక్కకు ఒరిగి, ఇక చాలు, ఆ వంతెన మీది దెబ్బలు నావల్ల కావు, వంగిన నడుముతోనే బతుకుతాను, కింద పడ్డవన్నీ ఏరుకోవడానికి సులువుగా ఉంటుంది అంది. అన్నయ్యకు ఆమె నొప్పికంటే ముందు వంతెన మాట తగిలింది. ఆ వంతెన మీద ఒక్క గుంట చూపించమన్నాడు. నేను గుంట అన్లేదే, దెబ్బ అన్నాను అంది వదిన. ఇద్దరూ అలా కాసేపు వంతెన గురించి వాదించుకున్నారు. నడుము సంగతి పక్కన పడింది.

చిన్నమ్మి ఇంటికొచ్చి కూతురి కోసం ఎదురుచూసింది.

ఆ కూతురు ఇంజనీరింగు చదివి, అందరూ అనుకున్నట్టు ఆఫీసులో కుర్చీ వెతుక్కోకుండా, ఊరి చివర పెద్ద టైర్ల షాపులో చేరింది. చక్రాల వంకరలు సరిచూడటం, బరువు సమానం చెయ్యడం, ఏ బండికి ఏ టైరు నప్పుతుందో తేల్చి చెప్పడం ఆమె పని. చేరినప్పుడు పెద్దన్నయ్య, నాలుగేళ్ళు చదివింది చక్రాలు తుడవడానికా అన్నాడు. ఆ మాటకు చిన్నమ్మి బదులివ్వలేదు. మర్చిపోనూ లేదు. మూడేళ్ళలో ఆ షాపుకు ఆమె ఒక్కసారి కూడా వెళ్ళలేదు. వెళ్ళే పని పడలేదని చెప్పుకునేది.

కూతురు అన్నం ముందు కూర్చోగానే చిన్నమ్మి సంగతంతా చెప్పింది. పిల్ల తింటూనే వింది. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"అత్తయ్యకి పెద్ద గుంటల దగ్గర నొప్పొస్తోందా, చిన్న అతుకుల దగ్గరా?"

"అతుకుల దగ్గరే. గుంటల్లో మీ మామయ్య మెల్లగా పోనిస్తాడు, అక్కడ ఊగుతుందే గానీ ఏం కాదు. వంతెన మీద పన్నెండుసార్లు నా చెయ్యి నలిపేసింది."

పిల్ల ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపింది. "ఈ మాట చెప్పమని రోజుకి పాతికమందిని అడుగుతానమ్మా. బండి ఎగురుతోంది అంటారు, ఎక్కడంటే చెప్పలేరు. నువ్వెలా చూశావ్?"

"చూడ్డానికేముంది, చెయ్యి నా చేతిలోనే ఉందిగా."

గురువారం చిన్నమ్మి అన్నయ్యను కారుతో సహా షాపుకు రమ్మంది. మేనకోడలి దగ్గర సలహా తీసుకోవడానికి కాదు, కొత్త టైర్లు కొనడానికి వస్తున్నానని ఆయన దారంతా ఆమెకు గుర్తుచేశాడు. ఇవే చక్రాలకు, ఇదే కొలతలో, కాస్త మెత్తటివి ఉంటే చాలన్నాడు.

షాపు చిన్నమ్మి ఊహించుకున్నట్టు లేదు. నేల మీద నూనె మరకలు ఉన్నాయి కానీ పనిముట్లన్నీ గోడ మీద వరుసగా, ఒక్కో దాని వెనక దాని ఆకారం గీసి, ఏది తీసినా ఖాళీ కనిపించేలా తగిలించి ఉన్నాయి. కొత్త రబ్బరు వాసన గట్టిగా కొడుతోంది. నీలం చొక్కా వేసుకుని, జుట్టు బిగించి కట్టుకున్న కూతురు ఎదురొచ్చింది. ఇంట్లో మామయ్యను నువ్వు అనే పిల్ల ఇక్కడ మీరు అంది. చిన్నమ్మికి అది వింతగానూ, సబబుగానూ తోచింది.

ముందు కూతురు కారు నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా అరచేతులతో గట్టిగా నొక్కి వదిలింది. కారు కిందికి దిగి, ఒక్కసారి పైకి లేచి నిలబడిపోయింది. షాకబ్జార్బర్లలో లోపం లేదు అంది. తర్వాత గాలి కొలిచింది. డ్రైవరు తలుపు తెరిచి, తలుపు ఆనుకునే చోట అంటించి ఉన్న చిన్న కాగితాన్ని వేలితో చూపించింది. ఈ కారుకు కొట్టవలసిన గాలి ముప్పై మూడు అని అక్కడ ఉంది.

"టైరు మీద ఉందిగా యాభై అని," అన్నాడు అన్నయ్య.

"అది టైరు తట్టుకోగల హద్దు మామయ్యా. మీ వంతెన మొదట్లో బోర్డు ఉంటుంది కదా, ఇన్ని టన్నులకి మించి పోకూడదని. అని చెప్పి రోజూ అన్ని టన్నులూ దాని మీద పెట్టే ఉంచుతామా?"

అన్నయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ బోర్డు మీది అంకె ఆయనే రాయించాడు. అయితే గాలి తగ్గించు, ఐపోయిందిగా అన్నాడు కాస్త నెమ్మదిగా.

అలా ఐపోదంది. ఇనుప అంచు నుంచి నేల దాకా ఈ టైరుకు ఉన్న రబ్బరు ఎత్తు తొమ్మిది సెంటీమీటర్లు. కారుతోపాటు వచ్చిన చక్రాలకు పన్నెండు. దెబ్బను మింగేది ఆ ఎత్తే. ఇది పలచటి టైరు కాబట్టి గాలి తగ్గిస్తే అతుకుల దగ్గర కొంత నయమే, కానీ ఒక్క లోతు గుంట తగిలితే ఇనుము నేలకు కొట్టుకుంటుంది. ఇప్పటికే కొట్టుకుందేమో చూద్దాం అని నాలుగు చక్రాలూ ఊడదీయించి, ఒక్కోటి యంత్రం మీద పెట్టి తిప్పింది. మూడు నిలకడగా తిరిగాయి. నాలుగోది, కుడివైపు వెనకది, తిరుగుతుంటే దాని అంచు అలలా లేస్తూ పడుతూ కనిపించింది. అది వదిన కూర్చునే వైపు.

ఇంతలో షాపు ఓనరు వచ్చాడు. మనిషి మర్యాదస్తుడే. మేడం మామయ్యగారా అని కుర్చీ వేయించి, అదే కొలతలో మెత్తటి రకం ఖరీదైనవి ఉన్నాయని లోపలి నుంచి తెప్పించాడు. అన్నయ్య మొహం విప్పారింది. కూతురు వంగి, టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చదివింది. ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెప్పే అంకెలవి.

"ఇవి నాలుగేళ్ళ కిందటివి సార్. రబ్బరు బిగుసుకుని ఉంటుంది. వీళ్ళు మావాళ్ళని కాదు, మెత్తగా ఉంటుందని చెప్పి ఇవి ఎవరికీ వెయ్యలేను."

ఓనరు గొంతు సవరించుకున్నాడు. జీతమిచ్చే మనిషి ముందు ఆ మాట తనైతే అనగలిగేదా అని చిన్నమ్మి ఆలోచించింది. ఆయన చివరికి, మేడం వద్దంటే వద్దు, వీటిని వెనక్కి పంపే ఏర్పాటు చూడండి అని అక్కడున్న వాళ్ళకు చెప్పి, ఇంజనీరుగారి వైపు తిరిగి, ఈవిడ ఇలా అనబట్టే సార్ జనం మా దగ్గరికి మళ్ళీ వస్తారు అని వెళ్ళిపోయాడు.

చిన్న చక్రాలు, ఎత్తు టైర్లు వేద్దామంది కూతురు. అన్నయ్య కుర్చీలోంచి లేచాడు. ఇవి నలభైమంది కలిసి ఇచ్చినవన్నాడు. రేపు వాళ్ళలో ఎవరైనా దారిలో ఎదురుపడి, సార్ మేమిచ్చిన చక్రాలేవి అంటే ఏం చెప్పాలన్నాడు. ముప్పై నాలుగేళ్ళు ఎండలో నిలబడి రోడ్లు వేయిస్తే మిగిలింది ఇవేనన్నాడు. చిన్నమ్మికి జాలేసింది. అన్నయ్య మొండివాడని తెలుసు గానీ, ఆ మొండితనం అడుగున ఇది ఉందని ఆమెకు తెలియదు.

కూతురు వాదించలేదు. విప్పిన చక్రాలనే మళ్ళీ బిగించి, ఎప్పటి గాలి అప్పటిలాగే ఉంచి, తాళాలు తీసుకుంది.

"మామయ్యా, అత్తయ్య సీట్లో ఒక్కసారి కూర్చోండి. నేను నడుపుతాను."

"నేనా? నా కార్లో నేను వెనకా?"

నిజమే, ఆయన ఎన్నడూ ఆ కారు వెనక సీట్లో కూర్చోలేదు. కొన్నప్పటినుంచీ నడపడమే. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య కూర్చునేవాడికి తగిలే దెబ్బ వేరు, సరిగ్గా వెనక చక్రం మీద కూర్చున్నవాళ్ళకు తగిలేది వేరు అని ఆ పిల్ల చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన లెక్కలు వేసి కాదని నిరూపించేవాడు. చిన్నమ్మి ముందు సీట్లో కూర్చుంది. అన్నయ్య వదిన దిండ్ల మధ్య, బడిలో వెనక బెంచీకి పంపిన పిల్లాడిలా ముడుచుకుని కూర్చున్నాడు.

కూతురు గుంటల దగ్గర ఆయనలాగే మెల్లగా పోనిచ్చింది. వంతెన ఎక్కింది. వెనకనుంచి మొదటి టక్కుకు చప్పుడు లేదు. రెండోదానికి గొంతు సర్దుకున్న శబ్దం. అయిదోదానికి చిన్నమ్మి అద్దంలో చూసింది. అన్నయ్య రెండు చేతులతో ముందు సీటు వీపు పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి.

వంతెన దిగాక, "పన్నెండు," అన్నాడు. "పదకొండు ఖానాల వంతెన. ఖానా ఖానాకీ మధ్య, రెండు కొసల్లోనూ కలిపి పన్నెండు అతుకులు. నేనే దగ్గరుండి వేయించాను."

కూతురు కారును పక్కకు తీసి ఆపింది.

"ఇంత కొడుతుందా వెనక?"

"ఆపరేషన్ కాని నడుముకి ఇంత, మామయ్యా."

ఆయన కిటికీలోంచి ఏటివైపు చూశాడు. తిరిగి వెళ్ళడానికి ఇంకో దారి ఉందా అని అడిగాడు. లేదు, మీరు కట్టింది ఒక్కటే అంది మేనకోడలు. ఆయన నవ్వాడు. ఆ వారంలో ఆయన నవ్వడం అదే మొదలు.

షాపులో అదే రకం కారుకు కంపెనీనుంచి వచ్చిన చక్రాలు, ఎవరో మార్చుకుంటూ వదిలేసి వెళ్ళినవి, టైర్లతో సహా ఉన్నాయి. పరీక్ష కోసం కూతురు అవి వేసింది. వేసేముందు చక్రం లోపలివైపు, బ్రేకు పెట్టెకు తగలకుండా ఖాళీ ఉందో లేదో వేలు పెట్టి చూసింది. తలుపు దగ్గరి కాగితంలో ఉన్నట్టు గాలి కొట్టింది. అన్నయ్య ఈసారి ఎవరూ చెప్పకుండానే వెనక కూర్చున్నాడు. తిరిగొచ్చాక, నాలుగు అతుకులు తెలిశాయి, మిగతావి వెతుక్కోవాల్సి వచ్చింది అన్నాడు. తర్వాత మేనకోడలితో, "కానియ్యి. నువ్వేది వెయ్యమంటే అది," అన్నాడు.

అయినా ఇంజనీరు కదా, ఊరికే ఉండలేదు. చక్రం చిన్నదైతే మీటరు తప్పు చూపించదా అని అడిగాడు. ఇనుము తగ్గినంత మేరా రబ్బరు పెరుగుతుంది, మొత్తం ఎత్తు దాదాపు అంతే అందామె. నమ్మక, టేపు తెమ్మని రెంటినీ పక్కపక్కన నిలబెట్టి స్వయంగా కొలుచుకున్నాడు. అర సెంటీమీటరు తేడా వచ్చింది. ఆ మాత్రానికి మీటరులో తేడా కనిపించదంటే తలూపాడు. టైర్లలో లోతైన గాట్లతో పులిపంజాలా ఉన్నదాన్ని ఆయన ముచ్చటపడి చూస్తే, అది మట్టిదారికి, మీరు వేసిన మంచి రోడ్డు మీద దానికి పనిలేదు అని పక్కన పెట్టించింది. చప్పుడు తక్కువ చేసేది, పక్కలు మెత్తగా ఉండేది, కారు బరువుకు సరిపడే అంకె ఉన్నది, ఈ ఏడాదే తయారైనది తీసింది. చూడటానికి చాలా సాదాగా ఉంది. చక్రాలు కూడా మెరుపు లేని మామూలు ఇనుపవే. పెద్ద చక్రాలు నాలుగింటినీ శుభ్రంగా తుడిపించి, వంకర పోయినదాన్ని సరిచేయించి పంపుతానంది.

బిగించేటప్పుడు చిన్నమ్మి పక్కకు వచ్చి నిలబడింది. కూతురు ఒక మర బిగించి, పక్కదాన్ని వదిలి, ఎదురుగా ఉన్నదాన్ని బిగిస్తోంది. ప్రతి మరకూ చేతిలోని పనిముట్టు టిక్కుమని ఒక్కసారి పలికితే ఆపుతోంది. నాలుగు చక్రాలూ అయ్యాక లేచి వెళ్ళిపోలేదు. మళ్ళీ మొదటి చక్రం దగ్గరికి వచ్చి ప్రతి మరనూ ఇంకోసారి చూసింది. ఇరవై మరలు, రెండేసి సార్లు. ఎవరూ అడగలేదు, ఎవరూ చూడటం లేదు, కన్నతల్లి తప్ప. చిన్నమ్మికి కళ్ళు చెమర్చాయి. రబ్బరు వాసనకు అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

సాయంత్రం వదిన కిటికీలోంచి కారును చూసి, ఏమిటండీ, కారుకి నగలు తీసేశారు అంది. నీకోసమే అన్నాడు ఆయన. ఆ మాట ఆయన నోట విని ఎన్నేళ్ళయిందో ఏమో, వదిన ఇంకోసారి కారువైపు చూసింది.

శుక్రవారం చిన్నమ్మి మళ్ళీ పక్కన కూర్చుంది. వంతెన మీద వదిన చెయ్యి ఆమె చేతిలోకి రాలేదు. ఆ చెయ్యి కిటికీ దించడంలో ఉంది. ఏట్లో నీళ్ళు బాగానే ఉన్నాయే, నేనిన్నాళ్ళూ చూడనే లేదు అంది వదిన. ముందు సీట్లో అన్నయ్య కారు వేగం కాస్త తగ్గించి ఆమెను చూడనిచ్చాడు.

కేంద్రం ముందు కారు ఆగాక వదిన తలుపు పట్టుకుని, ఎవరి చెయ్యీ అందుకోకుండా దిగి నిలబడింది. పూర్తిగా నిటారు కాదు. కానీ మొన్నటికంటే ఆమె తల కారు పైకప్పుకు ఇంకాస్త పైన ఉంది. ఎల్లుండి కూడా ఇదే వేళకి అని అక్కడి అమ్మాయికి తనే చెప్పి లోపలికి నడిచింది.

అన్నయ్యా చెల్లెలూ బయట నిలబడ్డారు. పక్కన ఇంకో కారులోంచి ఒకాయన తన తల్లిని జాగ్రత్తగా దింపుకుంటూ, ఆవిడ మూలుగుకు తనే మొహం చిట్లించుకుంటున్నాడు. ఆయన కారుకు కూడా మెరిసే పెద్ద చక్రాలే. అన్నయ్య కాసేపు చూసి, ఆగలేక దగ్గరికి వెళ్ళాడు. చిన్నమ్మికి మాటలు ముక్కలు ముక్కలుగా వినబడ్డాయి. రబ్బరు ఎత్తు పన్నెండు. మీరొకసారి వెనక కూర్చుని చూడండి. మా మేనకోడలు. కాదండీ, ఆఫీసులో కాదు, స్వయంగా తన చేతుల్తో చేస్తుంది. ఇంజనీరు.

అన్నయ్య అక్కడినుంచే ఫోను తీసి మేనకోడలికి కలిపాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కలపబోయాడు.

"ఎత్తదన్నయ్యా," అంది చిన్నమ్మి. "పనిలో ఉంటే ఎవరు చేసినా ఎత్తదు. నేను చేసినా సరే. షాపు ఎక్కడో చెప్పు, ఆయన్నే వెళ్ళమను."